దుక్కి తగ్గించి గడ్డి నిలపడం: గోధుమ పొలాల పాఠం, నల్లగొండ–పాలమూరు నేలల్లో ఆచరణ

యాసంగి కోతలు ముగిసే ఏప్రిల్ చివరిలో సాయంత్రం పూట మిర్యాలగూడ నుంచి హాలియా వైపు వెళ్తే, సాగర్ ఎడమ కాలువ కింది పొలాల్లో వరి కొయ్యలకు పెట్టిన మంటలు రోడ్డుకు రెండు వైపులా కనిపిస్తాయి. నేనూ అదే ఆయకట్టులో వరి పండించే రైతును. చాలా ఏళ్లు నేనూ నా పొలానికి అగ్గి పెట్టాను. మిషన్ కోసి వదిలిన గడ్డి నాగళ్లకు చుట్టుకుంటుంది, కూలీలు దొరకరు, నాట్ల వేళ తరుముకొస్తుంది. ఈ ఇబ్బందులన్నీ నిజమైనవే. అయితే కొయ్యలు కాల్చకపోవడం ఒక పని, దుక్కి తగ్గించడం మరొక పని అని విడివిడిగా చూసినంత కాలం రెండింటిలో ఏదీ నిలబడదని అనుభవం మీద తెలుసుకున్నాను. గడ్డిని ఏం చేయాలి, నేలను ఎంత దున్నాలి అన్నవి రెండు ప్రశ్నలుగా కనిపించినా తీసుకోవలసిన నిర్ణయం ఒక్కటే. దాన్ని ఏ నేలలో, ఏ పంట తర్వాత, ఏ వరుసలో తీసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

గోధుమ పొలాల నుంచి మనం తీసుకోవలసింది

దుక్కికీ గడ్డికీ ఉన్న సంబంధం మీద ప్రపంచంలో గోధుమ పొలాల్లో చాలా పరిశోధన జరిగింది. మన దక్షిణ తెలంగాణలో చలికాలం చిన్నది, గింజ గట్టిపడే సమయానికే ఎండలు ముదురుతాయి కనుక గోధుమ ఇక్కడ పెద్ద పంట కాలేదు. అయినా ఆ పొలాల్లో తేలిన రెండు సంగతులు మనకు నేరుగా పనికివస్తాయి.

మొదటిది మెక్సికోలోని ఎల్ బటాన్ ప్రయోగం. అంతర్జాతీయ మక్కజొన్న, గోధుమ పరిశోధన కేంద్రం 1991లో మొదలుపెట్టిన ఈ దీర్ఘకాలిక ప్రయోగంలో కొన్ని మడులను మామూలుగా దున్నుతూ, కొన్నింటిని అసలు దున్నకుండా వదిలి, గడ్డీ చొప్పా కొన్ని చోట్ల నేల మీదే ఉంచి, కొన్ని చోట్ల తీసివేస్తూ వచ్చారు. దున్నకుండా గడ్డి కప్పి ఉంచిన మడుల్లో వాన నీరు బాగా ఇంకింది, మట్టి కణికలు నీటికి చెదరకుండా నిలిచాయి, దిగుబడి కూడా మెరుగ్గా ఉంది. దున్నడం మానేసి గడ్డిని కూడా ఎత్తుకుపోయిన మడులు మాత్రం దున్నిన మడుల కన్నా వెనకబడ్డాయి. పైపొర పెంకు కట్టి, నీరు లోపలికి దిగకుండా పక్కకు జారిపోయింది. ఈ అంశంపై నాకు తెలిసినంతలో రైతుకు ఇంతకంటే విలువైన ఫలితం మరొకటి లేదు. దుక్కి మానేస్తే చాలు నేల బాగుపడుతుందని చెప్పేవారికి ఇదే జవాబు.

రెండవది పంజాబ్, హర్యానా రైతుల అనుభవం. అక్కడ వరి కోసిన తర్వాత గోధుమ విత్తడానికి దొరికే వ్యవధి చాలా తక్కువ. నవంబరు మొదటి పక్షం దాటిన కొద్దీ పంట మార్చి ఎండలకు దొరికిపోయి గింజ చిన్నదవుతుంది. ఆ తొందర వల్లనే అక్కడ మంటలు మొదలయ్యాయి. దున్నకుండా విత్తే డ్రిల్లు 1990ల చివరి నుంచి వాడకంలోకి వచ్చినా, మిషన్ వదిలిన వదులు గడ్డి దాని పళ్లకు చుట్టుకునేది. తర్వాత పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలతో కలిసి రూపొందించిన హ్యాపీ సీడర్, ఎదురుగా ఉన్న గడ్డిని కత్తిరించి ఎత్తి, కింద విత్తనం నాటి, ఆ గడ్డినే నేల మీద పరుస్తుంది. అయినా కోత మిషన్ గడ్డిని ఒకే వరుసలో కుప్పగా వదిలితే ఈ యంత్రం కూడా సరిగా నడవదు. అందుకే కోత మిషన్ వెనుక గడ్డిని తరిగి సమంగా వెదజల్లే అమరిక తప్పనిసరి అయింది. అంటే గోధుమ పొలం దుక్కి సమస్య నిజానికి వరి కోసే రోజున, కోత మిషన్ వెనుక మొదలవుతుంది. ఈ మాటను మన దగ్గర ఎవరూ పట్టించుకోవడం లేదని నా బాధ.

మన పరిస్థితిలో ఒక పెద్ద తేడా ఉంది. వారి రెండో పంట ఆరుతడి గోధుమ. మన ఆయకట్టులో వరి తర్వాత మళ్లీ వరే, అంటే నేలను నీటిలో కలిపి బురద చేయక తప్పని పంట. కాబట్టి వారి యంత్రాన్ని తెచ్చుకున్నా మన పని పూర్తి కాదు, వారి పద్ధతిలోని మూలసూత్రాన్ని మన నేలకు తగ్గట్టు మలచుకోవాలి.

మొదటి మెట్టు: నేలను చేతితో చూడటం

భూసార పరీక్ష తప్పక చేయించాలి. అందులో సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువ ఉంటే తక్కువ, 0.5 నుంచి 0.75 వరకు మధ్యస్థం, ఆపైన ఎక్కువ అని లెక్క. కానీ కాగితం మీది అంకె నేల నిర్మాణాన్ని చెప్పదు. దానికి ఒక పార, ఒక ఇనుప చువ్వ, రెండు గాజు గ్లాసులు చాలు.

ఎన్నడూ దున్నని ఒడ్డు మీద నుంచి ఒకటి, పొలం మధ్య నుంచి ఒకటి, కుంకుడుకాయంత మట్టిపెళ్లలు తీసుకుని నీడలో రెండు రోజులు ఆరబెట్టాలి. రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి, పెళ్లలను మెల్లగా జారవిడిచి, కదపకుండా ఐదు నిమిషాలు చూడాలి. మా పొలంలో ఈ పరీక్ష మొదటిసారి చేసిన రోజున, ఒడ్డు మీది పెళ్ల చిన్న చిన్న బుడగలు వదులుతూ తన ఆకారంలోనే కూర్చుంది; గడ్డి వేర్లు దాన్ని దారాల్లా పట్టి ఉంచాయి. పొలంలోని పెళ్ల నిమిషం తిరగకుండానే అంచుల నుంచి విడిపోయి, గ్లాసు అడుగున మెత్తటి గుజ్జుగా మారింది, పై నీళ్లు ఎర్రగా మురికి పట్టాయి. రెండు పెళ్లల మధ్య దూరం నాలుగు గజాలు కూడా లేదు, తల్లి మట్టి ఒక్కటే. తేడా తెచ్చింది ఏళ్ల తరబడి మనం నడిపిన ఇనుమూ, మనం పెట్టిన అగ్గీ. వాన పడినప్పుడు పొలం పైపొరలో జరిగేది కూడా అదే: కణికలు చెదిరి, సన్నటి మన్ను రంధ్రాలను మూసి, ఆరిన తర్వాత పెంకు కడుతుంది.

తర్వాత నేల తడిగా ఉన్నప్పుడు ఇనుప చువ్వను నిటారుగా అదమాలి. జానెడు లోతు వరకు సులువుగా దిగి అక్కడ గట్టిగా ఆగిపోతే, రోటవేటరూ, బురదలో ట్రాక్టర్‌కు తగిలించే ఇనుప చక్రాలు కేజీ వీల్సూ ప్రతి పంటకూ ఒకే లోతులో తిరిగి కట్టిన గట్టి పొర అది. వరికి ఆ పొర కొంత మేలే, నీరు నిలుస్తుంది. మక్కజొన్నకూ పెసరకూ అదే గోడ, వేరు అక్కడే వంకర తిరుగుతుంది. పారతో ఒక అడుగు గుంత తీసి వేర్లు ఏ లోతులో మలుపు తిరిగాయో, వానపాములు ఎన్ని ఉన్నాయో చూసి నోటు పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. ఆ పుట అవసరం చివరి మెట్టులో వస్తుంది.

రెండవ మెట్టు: గడ్డి విలువ లెక్కకట్టడం

ఎకరాకు 25 క్వింటాళ్ల వడ్లు పండితే గడ్డి కూడా దాదాపు అంతే, రెండున్నర టన్నులు వస్తుందని అనుకుందాం. వరిగడ్డిలో పొటాష్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది, అంటే ఎకరా గడ్డిలో సుమారు 37 కిలోలు. యాభై కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ బస్తాలో ఉండే పొటాష్ 30 కిలోలే. నత్రజని 0.6 శాతం చొప్పున 15 కిలోలు, ఇది 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజనిలో దాదాపు ముప్పావు వంతు. భాస్వరం ఐదు కిలోల వరకు ఉంటుంది. వరి కాడకు బిగువునిచ్చే సిలికా వంద కిలోలకు పైనే. అగ్గి పెడితే నత్రజని దాదాపు అంతా గాలిలో కలుస్తుంది, గంధకంలో చాలా భాగం పోతుంది, భాస్వరం, పొటాష్‌లలో కూడా నాలుగో వంతు, ఐదో వంతు నష్టపోతాము. మిగిలిన బూడిద గాలికి ఎగిరి పక్క పొలంలో పడుతుంది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఇంట్లో బర్రెలు ఉన్న రైతు గడ్డినంతా పొలానికే వదలలేడు, వదలమని చెప్పడం కూడా సబబు కాదు. గడ్డి పశువు కడుపులోంచి పెంటగా మారి తిరిగి అదే పొలానికి చేరితే నేలకు అన్యాయం ఏమీ జరగదు. నష్టం జరిగేది గడ్డి కట్టలు కట్టించి బయటికి అమ్మి, పెంట కూడా వేయనప్పుడు. అది ఎరువు బస్తాలను తక్కువ ధరకు అమ్ముకోవడమే. కట్టల బేరగాడు వచ్చినప్పుడు పై లెక్కను ముందు పెట్టుకుని ధర మాట్లాడాలి. నా మటుకు నేను వానకాలం గడ్డిలో సగం పశువులకు తీస్తాను, యాసంగి గడ్డిని మొత్తం పొలంలోనే ఉంచుతాను.

మెడవిరుపు, పాముపొడ బాగా సోకిన పొలంలో గడ్డిని నిలపకూడదు. దాన్ని బయటికి తీసి, పెంటతో కలిపి పూర్తిగా మగ్గబెట్టిన తర్వాతే పొలానికి తేవాలి.

మూడవ మెట్టు: కోత రోజున తీసుకోవలసిన జాగ్రత్తలు

కోతకు పది పదిహేను రోజుల ముందే నీరు తీసివేయాలి. తడి నేలలో చైన్ల మీద నడిచే కోత మిషన్ తిరిగితే పడే గాడులను సరిచేయడానికే రెండు సాళ్ల దుక్కి అదనంగా పడుతుంది, పైగా ఆ బరువుకు నేల లోపల బిగుసుకుంటుంది. దుక్కి తగ్గించాలనుకునే రైతు మొదట తగ్గించవలసింది ఈ తడి కోత.

మిషన్ డ్రైవర్‌తో ముందే మాట్లాడి, కొయ్య ఎత్తు జానెడుకు మించకుండా కోయించాలి. ఎత్తుగా కోస్తే మిషన్ త్వరగా పోతుంది కనుక వారు మోకాలెత్తు వదులుతారు. ఆ మొదళ్లలో మొగి పురుగు దాక్కుంటుంది, కలియదున్నేటప్పుడు కూడా అవి లొంగవు. గంటకు కొంత ఎక్కువ చెల్లించాల్సి వచ్చినా ఇది దండగ కాదు. గడ్డిని వెదజల్లే అమరిక ఉన్న మిషన్ దొరికితే అదే పిలవాలి. దొరకకపోతే కోసిన మర్నాడే, మంచు ఆరిన తర్వాత, ఇద్దరు మనుషులు గడ్డి వరుసలను కర్రలతో చెదరగొట్టి సమంగా పరచాలి. వానకాలం పంటకు ఈ ఒక్క పని వదిలేస్తే ఏం జరుగుతుందో తర్వాతి మెట్టులో నా సొంత పొలం చెబుతుంది.

నాలుగవ మెట్టు: వరి తర్వాత వరి వేసే పొలం

ముందు గడ్డి కుళ్లే తీరు అర్థం కావాలి. వరిగడ్డిలో నత్రజని ఒక పాలు ఉంటే కర్బనం 60 నుంచి 80 పాళ్లు ఉంటుంది. గోధుమ గడ్డిలోనూ పరిస్థితి ఇంతే. దాన్ని తినే సూక్ష్మజీవుల శరీరానికి పది పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని కావాలి. ఆ లోటును అవి మట్టిలోని నత్రజనితో పూడ్చుకుంటాయి. కాబట్టి గడ్డిని మట్టిలో కలిపిన మొదటి రెండు మూడు వారాలు పైరుకు నత్రజని అందదు, ఆ తర్వాత అదే నత్రజని మెల్లగా తిరిగి వస్తుంది. గడ్డిని మట్టిలో కలపకుండా పైన పరిచి ఉంచితే ఈ పోటీ చాలా తక్కువ. వరి పొలంలో కలపక తప్పదు కనుక, కలపడానికీ నాటుకూ మధ్య కనీసం మూడు వారాలు ఉండేలా చూసుకోవాలి.

వానకాలం కోత నవంబరులో ముగిసి, యాసంగి నాట్లు డిసెంబరు చివర, జనవరిలో పడతాయి కనుక ఈ వ్యవధి మనకు ఉంది. దాన్ని గడ్డి ఎండబెట్టి కాల్చడానికి వాడుతున్నాము, అంతే. కోసిన వారంలోపు, నేలలో ఇంకా పదును ఉండగానే, గడ్డిని తరిగే మల్చరుతో గానీ రోటవేటరుతో గానీ ఒకేసారి తిప్పి గడ్డిని పైన నాలుగు అంగుళాల్లో కలపాలి. దానికి ముందు ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లడం మన వ్యవసాయ శాఖ చెప్పే పద్ధతి. అందులోని ఎనిమిది కిలోల భాస్వరాన్ని తర్వాత వేసే డీఏపీలో తగ్గించుకోవాలి. వ్యవధి మూడు వారాల కంటే తగ్గితే, మొత్తం మోతాదు పెంచకుండానే అందులోంచి అర బస్తా యూరియాను ముందుకు జరిపి అప్పుడే చల్లాలి. నేల ఆరిపోతే ఒక పలుచని తడి ఇవ్వాలి, నీరు మాత్రం నిలపకూడదు. గాలి తగులుతూ కుళ్లే గడ్డి మట్టిగా మారుతుంది. నీటి కింద గాలి లేకుండా కుళ్లే గడ్డి మీథేన్‌నూ, వేర్లకు విషమయ్యే ఆమ్లాలనూ, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువునూ విడుస్తుంది.

ఈ తేడాను నేను నష్టపోయి నేర్చుకున్నాను. కాల్చడం మానేసిన మొదటి యాసంగిలో గడ్డి వరుసలను చెదరగొట్టకుండానే నీళ్లు పెట్టి రోటవేటర్ తిప్పించి, ఎనిమిదో రోజున నాటు వేయించాను. ఇరవై రోజులకు పొలం చారలు చారలుగా కనిపించింది: ఆరేడు అడుగుల పచ్చటి పట్టీ, పక్కన మూడు అడుగుల పసుపు పట్టీ, మళ్లీ పచ్చ. పక్క పొలం రైతు చూసి, "అన్నా, ఇది జింకు లోపం, రేపే జింకు చల్లు" అన్నాడు. జింకు లోపమైతే ఇంత తిన్నగా గీత గీసినట్టు ఎందుకుంటుందని పసుపు పట్టీలో దిగి ఒక దుబ్బు పీకాను. వేర్లు నల్లగా, మెత్తగా ఉన్నాయి, బురదలోంచి మురిగిన కోడిగుడ్డు వాసన గుప్పుమంది. పచ్చ పట్టీలోని దుబ్బు వేర్లు తెల్లగా, లేత గోధుమ రంగులో ఉన్నాయి. అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే పసుపు చారలన్నీ కోత మిషన్ నడిచిన దారులే. నీరు పూర్తిగా తీసి, సన్నటి నెర్రెలు కనిపించేదాకా ఆరబెట్టి, యూరియా కూడా ఆపాను. పది పన్నెండు రోజుల్లో కొత్త తెల్ల వేర్లు వచ్చాయి, పైరు తేరుకుంది, అయితే ఆ చారల్లో పిలకలు తగ్గిన నష్టం కోత దాకా మిగిలింది.

కాబట్టి పసుపు కనిపించగానే మందుల దుకాణానికి పోకముందు దుబ్బు పీకి వేరు చూడాలి. వేరు నల్లబడి వాసన వస్తే మందు ఆరబెట్టడమే; ఆ సమయంలో సూపర్ ఫాస్ఫేట్, అమ్మోనియం సల్ఫేట్, జింక్ సల్ఫేట్ వంటి గంధకం ఉన్న ఎరువులు నేలకు వేస్తే సమస్య ముదురుతుంది. ఒకసారి ఇలా జరిగిన పొలంలో మరుసటి పంట నుంచి కలియదున్నేటప్పుడు కూడా సూపర్ ఫాస్ఫేట్ వద్దు. వేరు తెల్లగా ఉండి, ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు కనిపిస్తేనే జింకు సంగతి ఆలోచించాలి. గడ్డి కలిపిన పొలంలో నీటిని ఎప్పుడూ నిండుగా నిలపకుండా, నాటిన రెండు వారాల తర్వాత నుంచి పెట్టి ఆరబెట్టే పద్ధతి పాటించాలి. పొలంలో రంధ్రాల పైపు ఒకటి పాతి, నీటిమట్టం నేల కింద 15 సెంటీమీటర్లకు దిగినప్పుడు మళ్లీ నీరు ఇస్తే సరిపోతుంది. పూత దశలో మాత్రం ఆరనివ్వకూడదు.

కరిగెట, అంటే నాటుకు ముందు నీటిలో బురద చేసే దుక్కి విషయంలో మనం అవసరానికి మించి చేస్తున్నాము. ముందే కలిపిన గడ్డి మగ్గి ఉంటుంది కనుక, నీరు పెట్టిన తర్వాత కేజీ వీల్స్‌తో రెండు సార్లు తిప్పి, ఒకసారి చదును చేస్తే చాలు. నాలుగైదు సార్లు తిప్పిన బురద వెన్నలా ఉంటుంది, నాటే కూలీలు మెచ్చుకుంటారు, కానీ ఆరిన తర్వాత అదే మన్ను రాయిలా బిగుస్తుంది. నీరు ఎక్కువగా ఇంకిపోయే ఎర్ర దుబ్బ నేలల్లో ఒక సాలు ఎక్కువ కావచ్చు, నల్లరేగడిలో అసలు అక్కర లేదు.

యాసంగి కోత తర్వాత దారి వేరు. ఏప్రిల్, మే ఎండల్లో తేమ లేని నేలలో గడ్డి కుళ్లదు, అప్పుడు దున్నడం వల్ల డీజిల్ ఖర్చు తప్ప ఫలితం లేదు. కొయ్యలను, పరిచిన గడ్డిని అలాగే వదిలి నేలకు కప్పుగా ఉంచాలి. తొలకరి పడగానే ఒక తేలిక సాలు దున్ని ఎకరాకు 12 కిలోల వరకు జీలుగ చల్లాలి. ఎడమ కాలువకు నీరు వచ్చేసరికి సాధారణంగా జులై, ఆగస్టు అవుతుంది కనుక జీలుగకు 45 రోజులు దొరుకుతాయి. పూతకు వచ్చే సమయంలో లేత జీలుగనూ పాత గడ్డినీ కలిపి దున్నితే, జీలుగలోని నత్రజని గడ్డి కుళ్లడానికి సరిపోతుంది. సూక్ష్మజీవులు పైరుతో పోటీ పడవలసిన అవసరం రాదు. ఆయకట్టు రైతుకు నేను ఒకే ఒక్క పని చెప్పాలంటే ఇదే చెబుతాను.

గడ్డి కుళ్లబెట్టే ద్రావణాల మీద ఇప్పుడు చాలా ఆశ పెట్టుకుంటున్నారు. పూసా డీకంపోజర్ వంటివి సాయపడవచ్చు, కానీ గడ్డి చిన్న ముక్కలు కాకుండా, మట్టి తగలకుండా, తేమ లేకుండా ఏ ద్రావణమూ పని చేయదు. ఆ మూడూ ఉంటే మట్టిలోని జీవులే చాలావరకు పని ముగిస్తాయి.

ఐదవ మెట్టు: వరి తర్వాత దున్నకుండా మక్కజొన్న

కాలువ నీరు యాసంగి వరికి సరిపోని ఏడాది, పంజాబ్ గోధుమ రైతు పద్ధతికి దగ్గరగా మనం చేయగలిగింది ఇదే. వరి కోసిన వెంటనే, కాలు పెడితే అడుగు ముద్ర పడేంత పదును ఉండి, మన్ను కాలికి అంటని సమయంలో విత్తాలి. తాడు పట్టి, సాళ్ల మధ్య 60, మొక్కల మధ్య 20 సెంటీమీటర్ల దూరంలో కర్రతో గానీ విత్తే గొట్టంతో గానీ రెండు వేలి కణుపుల లోతు రంధ్రం చేసి గింజ వేయాలి. ఇలా ఎకరాకు సుమారు 33 వేల మొక్కలు వస్తాయి, ఎనిమిది కిలోల విత్తనం పడుతుంది. రంధ్రాన్ని పొడి మన్నుతో తప్పక మూయాలి, లేకపోతే పక్షులు, ఎలుకలు వదలవు. గడ్డిని మొలక వచ్చిన తర్వాత సాళ్ల మధ్యకు జరపాలి, గింజ మీద మందంగా ఉంటే మొలక పసుపుపచ్చగా సాగుతుంది.

దున్నని నేలలో ఎరువు పైన చల్లితే పైనే ఉండిపోతుంది. భాస్వరం ఎరువును మొక్కకు నాలుగు వేళ్ల దూరంలో మరో రంధ్రంలో వేసి మూయాలి. యూరియాను మూడు నాలుగు దఫాలుగా, తడి ఇచ్చే ముందు వేయాలి. కోసిన వరి మొదళ్లు మళ్లీ చిగురిస్తాయి, కలుపు మొలుస్తుంది. విత్తే ముందు, మొలవక ముందు వాడే మందుల ఎంపికను సొంతంగా చేయకుండా రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈవో) గానీ కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ అడిగి నిర్ణయించుకోవాలి. చువ్వ పరీక్షలో గట్టి పొర జానెడులోపే తగిలిన పొలంలో మక్క వేర్లు పైపైనే పరుచుకుని, గాలికి పడిపోయే ప్రమాదం ఉంది. అటువంటి పొలాన్ని ఇకపై ఆరుతడి పంటలకే ఉంచాలనుకుంటే, వేసవిలో నేల బాగా ఎండినప్పుడు గట్టి పొరను లోతుగా చీల్చే సబ్‌సాయిలర్‌ను ఒకసారి నడపాలి. మళ్లీ వరి వేయబోయే పొలంలో ఆ పని చేయకూడదు, నీరు నిలవదు.

ఆరవ మెట్టు: పాలమూరు ఎర్ర చెల్కలు

నాగర్‌కర్నూల్, నారాయణపేట, వనపర్తి, దేవరకొండ వైపు వానాధార చెల్కల్లో పై పద్ధతిని ఉన్నదున్నట్టు పాటిస్తే నష్టం. ఈ నేలల్లో పైపొరలో బంక మన్ను తక్కువ, కర్బనం ఇంకా తక్కువ. వాన వెలసిన రెండు రోజులకే పెంకు కట్టి జొన్న, ఆముదం మొలకలను పైకి రానీయదు. కప్పు లేకుండా దుక్కి మానేస్తే ఎల్ బటాన్‌లోని గడ్డి తీసిన మడులకు పట్టిన గతే పడుతుంది. ఇక్కడ చొప్ప పశువులకు పోతుంది, కంది కట్టె పొయ్యిలోకి పోతుంది, నేలకు మిగిలేది చాలా తక్కువ. అందువల్ల ముందు కప్పు సంపాదించుకోవాలి, ఆ తర్వాతే దుక్కి తగ్గించాలి.

అప్పటిదాకా వేసవి వానకు వాలుకు అడ్డంగా ఒక దుక్కి ఉండవలసిందే; వాలు వెంట దున్నడం మాత్రం ఈ క్షణమే మానాలి. ఒడ్ల మీద గ్లైరిసీడియా కొమ్మలు నాటితే రెండో ఏడాది నుంచి ఆకు కోసి సాళ్ల మధ్య పరచవచ్చు; ఆ ఆకులో నత్రజని గడ్డిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. హైదరాబాద్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఈ చెట్టునూ, పంట తీసిన తర్వాత చివరి వానలకు ఉలవలు చల్లి నేలలో కలపడాన్నీ ఎర్ర నేలల కోసమే పరీక్షించి ప్రోత్సహిస్తూ వస్తోంది. పత్తి సాళ్లలో కంది ఉంటే రాలే ఆకే నేలకు కప్పు. పత్తి కట్టెను చేను పక్కన కుప్ప వేస్తే గులాబీ పురుగు మరుసటి పంటకు అక్కడే కాచుకుని ఉంటుంది కనుక, చివరి ఏరుడు కాగానే ముక్కలు చేసే యంత్రంతో తరిగించి నేలలో కలపాలి.

మన ప్రాంతానికి గొర్రెల మందలు గొప్ప ఆస్తి. కోతల తర్వాత మందను చేనులో రాత్రిళ్లు ఆపించుకుంటే కొయ్యలు మేతవుతాయి, పెంట, మూత్రం నేరుగా నేలకు దిగుతాయి, దాన్ని కలపడానికి గుంటుక ఒక్కసారి నడిస్తే చాలు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో తీసిన చెరువు మట్టిని చెల్కల్లో తోలుకున్న రైతులకు ఆ సన్న మన్ను తేమను ఎలా పట్టి ఉంచుతుందో నేను చెప్పనక్కరలేదు. మట్టి తోలిన చేనులో పైన కప్పు కూడా ఉంటే ఆ మేలు ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఏడవ మెట్టు: ఏటా కొలవడం, ఎంత ఆశించాలో తెలుసుకోవడం

ఎకరా పొలంలో ఆరంగుళాల మట్టి సుమారు తొమ్మిది లక్షల కిలోలు తూగుతుంది. సేంద్రియ కర్బనం 0.1 శాతం పెరగాలంటే అందులో 900 కిలోల కర్బనం అదనంగా నిలవాలి. రెండున్నర టన్నుల గడ్డిలో కర్బనం ఒక టన్ను ఉంటుంది, అందులో చాలా భాగం కుళ్లేటప్పుడు గాలిలో కలిసి, స్థిరంగా మిగిలేది పదో వంతు, మరికొంత. రెండు పంటల గడ్డినీ నిలిపితే ఏడాదికి 200 నుంచి 300 కిలోలు. పాత కర్బనం తరుగుదల పోను, భూసార కార్డులో అంకె కదలడానికి నాలుగైదేళ్లు తక్కువ కాదు. ఒక పంట చూసి ఏమీ మారలేదని మళ్లీ అగ్గిపెట్టె తీసినవారిని నేను చాలా మందిని చూశాను. వారి తప్పు కాదు, ఎంత కాలం పడుతుందో వారికి ముందుగా ఎవరూ చెప్పలేదు.

అంకె కంటే ముందు మారేవి వేరే ఉన్నాయి. రెండో ఏడాదికే పొలం పదునులో ఉండే రోజులు పెరుగుతాయి, ట్రాక్టర్ తక్కువ గేరులో మూలగడం తగ్గుతుంది, పార గుంతలో వానపాములు కనిపిస్తాయి. పొటాష్‌ను ఒకేసారి మానకుండా, భూసార పరీక్ష చూసుకుంటూ తగ్గించవచ్చు. పరీక్షలన్నీ ఏటా అదే నెలలో, పొలంలో అదే మూలన చేయాలి. మట్టి నమూనా కూడా ఎరువు వేయకముందు, వేసవిలోనే తీయాలి. పొలం మొత్తం ఒకేసారి మార్చకుండా పది గుంటలు పాత పద్ధతిలోనే వదిలి, గ్లాసు పరీక్షకు ఒడ్డు మీది పెళ్ల, పాత పద్ధతి పెళ్ల, కొత్త పద్ధతి పెళ్ల అని మూడు గ్లాసులు పెట్టుకోవాలి. మా పొలంలో నాలుగో వేసవికి కొత్త పద్ధతి పెళ్ల ఒడ్డు పెళ్ల అంత గట్టిగా నిలవలేదు. ఐదు నిమిషాల తర్వాత సగం విడిపోయి, సగం గ్లాసు అడుగున నిలిచి ఉంది, పై నీళ్లు మాత్రం తేటగా ఉన్నాయి.